ఫ్లో బెంచికి ఏ వాక్యూమ్ మోటారు కొనాలి: మూడు రకాలు బిగించి చూశాక

ముందు తీర్పు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. బైకు హెడ్లలోంచి (ఇంజను పైభాగాల్లోంచి) గాలి ఎంత పారుతుందో కొలిచే ఫ్లో బెంచిని సొంతంగా కట్టుకునేవాళ్ళు తడి, పొడి రెండూ లాగే వాక్యూమ్ క్లీనర్లలో వచ్చే రెండు స్టేజుల బైపాస్ మోటార్లు కొనండి. 1200 వాట్లు, సుమారు 145 మిల్లీమీటర్ల వ్యాసం, గాలి బయటికి పోవడానికి పక్కన కొమ్ములా గొట్టం ఉన్న రకం. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే మోడల్, ఒకేసారి తీసుకోండి. ఇళ్ళలో ఊడ్చే క్లీనర్ మోటారు స్టిక్కరు మీద 1600 వాట్లని ఉన్నా దాని జోలికి పోవద్దు. మూడు స్టేజులది మంచి సరుకే, కానీ మన పనికి దండగ.

నాది నెల్లూరు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక సందులో ఇంజన్ వర్క్ షెడ్డు. రీబోరు, వాల్వు సీటు కటింగ్, పోర్టింగ్ (ఇంజనులో గాలి వచ్చిపోయే దారుల్ని, అంటే పోర్టుల్ని, చెక్కి సవరించడం) చేస్తాను. ఆర్‌ఎక్స్ 100 అనే యమహా బైకు తయారీ 1996లోనే ఆగిపోయింది గానీ ఇటు నెల్లూరు, కావలి కుర్రాళ్ళకీ అటు ఒంగోలు కుర్రాళ్ళకీ దాని మీద మోజు ఇంకా ఆగలేదు. బుల్లెట్ వాళ్ళు వేరే. ఎవరొచ్చినా మాట ఒకటే: "అన్నా, పోర్టు బాగా పెద్దది చెయ్యి." పెద్దది చేస్తే గాలి ఎక్కువ పోతుందని అందరి నమ్మకం. కొన్నిసార్లు పోతుంది, కొన్నిసార్లు ముందుకంటే తగ్గుతుంది. ఏది జరిగిందో బండి రోడ్డెక్కాక చెవితో చెప్పడం ఎచ్చులు తప్ప మరేం కాదు. కొలవాలి. కొలవడానికి ఫ్లో బెంచి కావాలి. కంపెనీ తయారు చేసిన బెంచి ధరకు మన దగ్గర ఓ సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. అందుకని ప్లైవుడ్డుతో కట్టుకున్నాను. పెట్టె కట్టడం వడ్రంగం తెలిసిన ఎవరికైనా వచ్చే పనే. తల తినేసేది మోటార్ల ఎంపిక. ఈ సమీక్ష దాని గురించే.

బెంచి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పెట్టె పైన హెడ్డు బిగిస్తాం. కింద మోటార్లు పెట్టెలోని గాలిని లాగేస్తాయి, బయటి గాలి పోర్టులోంచి, వాల్వు సందులోంచి లోపలికి వస్తుంది. హెడ్డు కింద వాక్యూమ్‌ని ఒక అంకె దగ్గర నిలబెట్టి, ఆ స్థితిలో నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోతోందో చూస్తాం. అదే సీఎఫ్ఎం. ఆ నిలబెట్టే అంకె సాధారణంగా 28 అంగుళాల నీటిమట్టం, అంటే ఆ వాక్యూమ్ నీళ్ళని ట్యూబులో లాగి నిలబెట్టే ఎత్తు. మన లెక్కలో 711 మిల్లీమీటర్లు. పాత బెంచీల మీద 10 అంగుళాల దగ్గర కూడా కొలిచేవాళ్ళు. గాలి పారుదల ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 10 అంగుళాల దగ్గర వచ్చిన అంకెను 1.67తో హెచ్చవేస్తే 28 దగ్గరి అంకె వస్తుంది. వేరేవాళ్ళ అంకెలతో మన అంకెలు పోల్చుకునే ముందు ఏ ఒత్తిడి దగ్గర కొలిచారో అడగండి. అది చెప్పకుండా "నా హెడ్డు ఇంత పారింది" అనేవాడి మాట వినక్కర్లేదు.

మోటారు కొనేవాళ్ళు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని వాట్లు? పూర్తిగా మూస్తే ఎంత వాక్యూమ్? పూర్తిగా తెరిస్తే ఎంత గాలి? అంగడివాడికి కూడా ఈ మూడే తెలుసు. మూడూ నిజమైన అంకెలే అయినా మన పనికి మూడూ చాలవు. పూర్తిగా మూసినప్పుడు గాలి పారదు. పూర్తిగా తెరిచినప్పుడు వాక్యూమ్ ఉండదు. మన బెంచి ఆ రెండింటి మధ్యలో ఎక్కడో నడుస్తుంది. ఆ మధ్య చోటు దగ్గర ఆ మోటారు ఎన్ని సీఎఫ్ఎం లాగుతుందన్నదే ప్రశ్న.

చాలామంది ఆ మధ్య చోటు 28 అంగుళాలే అనుకుంటారు. కాదు. హెడ్డు కింద మనం నిలబెట్టేది 28. ఆ తర్వాత గాలి కొలత ప్లేటు రంధ్రంలోంచి పోవాలి. ఆ రంధ్రం దగ్గర ఒత్తిడి కొంత పడిపోతేనే మనకు కొలత దొరుకుతుంది. అది 12 అంగుళాలో 16 అంగుళాలో, బెంచిని బట్టి. పెట్టెలో మలుపులు, పైపులు ఇంకాస్త తింటాయి. అన్నీ కలిపితే మోటారు మూతి దగ్గర 45 నుంచి 50 అంగుళాలు ఉంటేగానీ హెడ్డు కింద 28 నిలబడదు. కాబట్టి మోటారుని 48 అంగుళాల దగ్గర చూసి కొనాలి. పేరున్న కంపెనీలు, ఉదాహరణకు అమెటెక్ లాంబ్ వాళ్ళు, తమ డేటా షీట్లలో ఒక పట్టిక ఇస్తారు. రెండు అంగుళాల రంధ్రం నుంచి పూర్తిగా మూసేదాకా ఒక్కో రంధ్రానికి వాక్యూమ్ ఎంత, గాలి ఎంత, ఆంపియర్లు ఎన్ని, నిమిషానికి చుట్లు ఎన్ని అని వరసగా ఉంటుంది. ఆ పట్టిక ఉన్న మోటారైతే కొనకముందే మీకు సగం పని అయిపోయినట్టే. మనకు ఇక్కడ దొరికే పేరులేని సరుకుకి పట్టికా ఉండదు, పాడూ ఉండదు. స్టిక్కరు, దాని మీద ఓ పులి బొమ్మ.

పట్టిక లేకపోతే మనమే తయారు చేసుకోవచ్చు, కష్టమేమీ కాదు. 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేటుకి లేతు మీద 20 మిల్లీమీటర్ల రంధ్రం వేయించాను. గాలి లోపలికి వచ్చే వైపు అంచు పదునుగా, వెనక వైపు 45 డిగ్రీల వాలు. పదును అంచు రంధ్రం లెక్క మారదు: ఒక చదరపు అంగుళం రంధ్రంలోంచి 28 అంగుళాల దగ్గర సుమారు 90 సీఎఫ్ఎం పోతుంది. వేరే ఒత్తిడికి వర్గమూలం లెక్క వేసుకోండి. మోటారుని చిన్న పెట్టెకి బిగించి, ఈ ప్లేటు మూతగా పెట్టి, లోపల వాక్యూమ్ ఎంత నిలబడిందో చూస్తే చాలు, గాలి లెక్క దానంతటదే వస్తుంది.

వాక్యూమ్ చూడడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకపు ట్యూబు, నీళ్ళలో కాస్త నీలిమందు. చెక్కకి యూ ఆకారంలో కట్టి స్కేలు అంటిస్తే అయిపోతుంది. రెండు కాళ్ళ మధ్య తేడా కొలవాలి. ఒక కాలు 14 అంగుళాలు ఎక్కితే ఇంకోటి 14 దిగుతుంది, అది 28. ట్యూబుకీ మోటారుకీ మధ్య ఒక ఖాళీ సీసా తప్పకుండా పెట్టండి. ఎవడో కుర్రాడు రంధ్రం మీద అరచెయ్యి పెడతాడు, నీళ్ళన్నీ సర్రున మోటారులోకి పోతాయి. సీసా ఉంటే సీసాలో ఆగుతాయి. పూర్తిగా మూసిన వాక్యూమ్ చూడాలంటే ఎనిమిదడుగుల ట్యూబు కట్టాలి, అంత శ్రమ వద్దు. ఏసీ మెకానిక్ దగ్గరుండే గేజీ అడగండి. దాని మీద 7 అంగుళాల పాదరసం అంటే మనకు 95 అంగుళాల నీళ్ళు.

ఇక సరుకు.

మొదటిది ఇళ్ళలో వాడే క్లీనర్ మోటారు. ఒకటే స్టేజి, చిన్న ఒళ్ళు, స్టిక్కరు మీద 1600 వాట్లు. అన్నింటికన్నా చవక. 20 మిల్లీమీటర్ల ప్లేటు పెట్టి కొత్తగా ఆన్ చేస్తే 44 అంగుళాలు చూపించింది. అంటే 55 సీఎఫ్ఎం చిల్లర. వినడానికి బాగానే ఉంది. క్లాంప్ మీటరు పెడితే 6 ఆంపియర్లు కూడా దాటలేదు. 230 వోల్టుల దగ్గర అది 1400 వాట్లకి లోపే. ఆ మిగతా రెండు వందలు స్టిక్కరుకి మాత్రమే తెలుసు.

ఈ రకంతో అసలు ఇబ్బంది వాట్లు కాదు. ఇది ఏ గాలిని లాగుతుందో అదే గాలి వైండింగుల మీదుగా పోయి దాన్ని చల్లారుస్తుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు గొట్టం ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి సరిపోతుంది. బెంచి మీద మనం వాల్వుని ఒక మిల్లీమీటరు తెరిచి కొలుస్తాం, రెండు తెరిచి కొలుస్తాం. గాలి సన్నగా పారుతున్నంతసేపూ మోటారు ఉడుకుతుంది. పక్కన బ్లీడ్ వాల్వు తెరిచి వేరే గాలి పోనిస్తే కొంత బతుకుతుంది, నిజమే. అయినా కొద్దిసేపు వరసగా నడిపితే 44 కాస్తా మెల్లగా కిందికి జారడం మొదలుపెడుతుంది. కొలత మధ్యలో కిందికి జారే మోటారుతో వేగడం ఎంత చిరాకో అనుభవించినవాళ్ళకి తెలుసు. దీంట్లో గాలి వెళ్ళే దారి కూడా చుట్టూ ఉంటుంది, ఒక గొట్టంలోకి పట్టుకోవడం కుదరదు. ఎగ్జాస్టు పోర్టు పరీక్షించాలంటే గాలి ఊదాలి కదా, అప్పుడు దీని చుట్టూ ఇంకో పెట్టె కట్టాలి. కట్టినా అందులో వేడి తిరుగుతూ ఉంటుంది.

రెండోది నేను వాడుతున్నది. కార్ వాష్ వాళ్ళ దగ్గర స్టీలు డ్రమ్ము క్లీనర్లు చూసి ఉంటారు, దాంట్లోది. రెండు స్టేజులు అంటే లోపల రెండు ఫ్యాన్లు ఒకదాని వెనక ఒకటి, మొదటిది లాగిన గాలిని రెండోది మళ్ళీ లాగుతుంది. ఒకే సైజు, ఒకే వేగంలో స్టేజులు పెరిగేకొద్దీ వాక్యూమ్ పెరుగుతుంది, పారే గాలి కొంత తగ్గుతుంది. ఈ సైజువి పూర్తిగా మూస్తే 90 నుంచి 110 అంగుళాల మధ్య, పూర్తిగా తెరిస్తే 100 సీఎఫ్ఎం అటూ ఇటూ ఉంటాయి. నా ప్లేటు మీద ఇది 48 అంగుళాలు నిలబెట్టింది. లెక్క వేస్తే 58 సీఎఫ్ఎం. మొదటిదానికన్నా మూడే సీఎఫ్ఎం ఎక్కువ కదా అంటారేమో. కానీ ఇది ఆ 48ని అలాగే పట్టుకుని కూర్చుంటుంది.

బైపాస్ అంటే చల్లార్చే గాలి దారి వేరు. వెనకాల దాని సొంత చిన్న ఫ్యాను ఉంటుంది. తడి గాలి లాగినా వైండింగుకి తగలకూడదని అలా చేశారు, మనకు అది వరమైంది. రంధ్రం పూర్తిగా మూసి నడిపినా దానికి చల్లగాలి అందుతూనే ఉంటుంది. ఒక్క షరతు: మోటారు వెనక భాగం పెట్టె బయటే ఉండాలి, అదీ వేడిగాలి మళ్ళీ తిరిగి రాని చోట. అందం కోసం మొత్తం మోటారుని పెట్టెలోపల దాచిపెట్టారంటే బైపాస్ కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే.

కొమ్ము గొట్టం ఉన్న రకం అడగమన్నది ఎగ్జాస్టు పోర్టుల కోసం. లాగేటప్పుడు గాలి కొమ్ములోంచి బయటికి వదిలేస్తాం. ఊదాల్సి వచ్చినప్పుడు అన్ని కొమ్ములూ ఒక పైపుకి కలిపి హెడ్డు కిందికి తిప్పుతాం. 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, బాల్ వాల్వులు చాలు. డ్రిప్పు సామాన్ల అంగళ్ళలో అన్నీ దొరుకుతాయి. బ్లీడ్ వాల్వుకి మాత్రం గేటు వాల్వు వాడండి, మెల్లగా తిరుగుతుంది కాబట్టి 28 దగ్గర నిలబెట్టడం తేలిక.

ఈ మోటారు గురించి ఒక చిత్రం. రంధ్రం మూసేకొద్దీ కూత పెరుగుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు "మోటారు కష్టపడతా ఉండాది, ఆపు అన్నా" అని కంగారు పడతారు. క్లాంప్ మీటరు చూస్తే ఆంపియర్లు తగ్గుతూ ఉంటాయి. నా దాంట్లో తెరిచినప్పుడు 5 దాటేవి, మూస్తే 3.5 దగ్గరికి వస్తాయి. ఫ్యానుకి తోయడానికి గాలి లేకపోతే పని లేదు, పని లేక చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది, ఆ కూత అదే. కష్టపడేది నిజానికి పూర్తిగా తెరిచినప్పుడు.

మూడోది మూడు స్టేజులది, బయటిదేశపు సరుకు, పట్టికతో సహా వచ్చింది. రెండో రకానికి ఇచ్చినదానికి దాదాపు మూడింతలు పెట్టాను. బేరింగులు, బ్యాలెన్సు, ఇన్సులేషను అన్నీ చూడగానే తేడా తెలుస్తుంది. మా షెడ్డుకి దగ్గర్లో రీవైండింగ్ చేసే బాబాయి ఒకాయన ఉన్నాడు. రొయ్యల గుంటల ఏరియేటర్ మోటార్లు సీజన్లో ఆయన అరుగు మీద కొండలా పడి ఉంటాయి. ఆయన దీన్ని చేతిలో తిప్పి చూసి, "అబ్బయా, ఇది కాలితే నా దగ్గరికి తేవాకు. ఇది మిక్సీ మోటారు జాతి, కమ్యుటేటరు పోతే నేనేం జేసేది" అన్నాడు. అక్షరాలా నిజం. ఏరియేటరుది ఇండక్షన్ మోటారు, వైండింగు మారిస్తే మళ్ళీ కొత్తదే. వీటిది కార్బన్ బ్రష్షుల మోటారు, అది నిమిషానికి ఇరవై వేల చుట్లకి పైనే తిరుగుతుంది. కమ్యుటేటరు కాలితే మార్చుకోవడమే.

ప్లేటు మీద మూడు స్టేజులది 55 అంగుళాలు నిలబెట్టింది, 62 సీఎఫ్ఎం. రెండో రకం కన్నా నాలుగే ఎక్కువ. దీని బలం 80, 90 అంగుళాల దగ్గర కనిపిస్తుంది, మనం అక్కడికి పోనే పోం. మూడింతల డబ్బుతో రెండు స్టేజులవి మూడు కొంటే 174 సీఎఫ్ఎం వస్తుంది. ఒక్క మాట మాత్రం దీని తరఫున చెప్పాలి. రోజంతా బెంచి నడిపేవాళ్ళు, దీన్నే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఇలాంటి కంపెనీ సరుకే రెండు స్టేజుల్లో కొనుక్కుంటే మంచిది. నాలాగా వారంలో కొన్ని హెడ్లు చూసుకునేవాళ్ళకి అక్కర్లేదు.

ఎన్ని కావాలన్నది మీ వాల్వు చెబుతుంది. ఇంజన్ పోర్టు ఎంత నున్నగా చేసినా వాల్వు సైజున్న పదును అంచు రంధ్రం పారినంత పారితే గొప్పే, సాధారణంగా అంతకన్నా తక్కువే పారుతుంది. కాబట్టి ఆ రంధ్రం లెక్కే పైహద్దు అనుకుని కొనుక్కోండి. 28 అంగుళాల దగ్గర 25 మిల్లీమీటర్ల రంధ్రానికి సుమారు 70 సీఎఫ్ఎం, 32కి 113, 38కి 160. వంద, నూట యాభై సీసీ బండ్లకి రెండు మోటార్లు ధారాళం. బుల్లెట్ చేస్తానంటే మూడు, చేతిలో ఒకటి ఎక్కువ ఉండాలనుకుంటే నాలుగు.

పక్కపక్కన బిగిస్తే గాలి కలుస్తుంది, ఒకదాని వెనక ఒకటి పెడితే వాక్యూమ్ కలుస్తుంది. మనకు కావలసింది పక్కపక్కన. ప్రతి మోటారు మూతికీ ఒక రబ్బరు రెక్క తప్పనిసరి. లారీ ట్యూబు ముక్క కోసి ఒక అంచు స్క్రూలతో బిగిస్తే సరి. ఆ రెక్క లేకపోతే ఆపి ఉంచిన మోటారులోంచి బయటి గాలి లోపలికి వచ్చేస్తుంది, నడిచే మోటారు ఆ గాలినే లాగుతూ కూర్చుంటుంది. రకరకాల మోటార్లు కలిపి పెట్టకూడదనేది కూడా ఇందుకే. బలమైనది లాగుతుంటే బలహీనమైనది పేరుకి తిరుగుతూ కరెంటు తింటుంది. అన్నీ ఒకే మోడల్ కొనమని పైన అంత గట్టిగా చెప్పింది అందుకే.

మన వైపు వాళ్ళకి ఇంకో దారి ఉంది, వేరే జిల్లాల వాళ్ళకి అంత తేలిక కాదు. సముద్రం పొడుగునా రొయ్య పిల్లల హేచరీలున్నాయి కదా, అక్కడ తొట్లలోకి గాలి ఊదడానికి రింగ్ బ్లోయర్లు వాడతారు. హేచరీ మూసేసినప్పుడో, పెద్దవి మార్చినప్పుడో పాతవి పాత సామాన్ల వాళ్ళ దగ్గరికి వస్తాయి. బ్రష్షులుండవు, రాత్రింబవళ్ళు నడవడానికే పుట్టాయి, వాక్యూమ్ క్లీనర్ మోటార్ల ముందు వీటి శబ్దం తక్కువే. షెడ్డుకి త్రీ ఫేజు ఉండి, ఉప్పుగాలికి బేరింగులు తినెయ్యని బ్లోయరు దొరికితే నేను చెప్పిన మోటార్లన్నీ పక్కన పెట్టి అదే కొనండి. కానీ దీని స్వభావం క్లీనర్ మోటారుకి పూర్తిగా వ్యతిరేకం. మూసేకొద్దీ దీని మీద లోడు పెరుగుతుంది, ఆంపియర్లు ఎక్కుతాయి. కాబట్టి రిలీఫ్ వాల్వు లేకుండా నడపకూడదు. బరువు కూడా ఒక్క మనిషి ఎత్తేది కాదు. నాకు సింగిల్ ఫేజే కాబట్టి ఆశ చంపుకున్నాను. కంప్యూటరు దుమ్ము ఊదే చేతి బ్లోయర్లతో పని అవుతుందా అని కొందరు అడుగుతుంటారు. కాదు. గాలి ఉంటుంది గానీ ఒత్తిడి చాలదు.

కరెంటు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్కోటి 5 ఆంపియర్లు పైన. నాలుగు కలిపితే 20 దాటుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. 16 ఆంపియర్ల సాకెట్టులో ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి అన్నీ దూర్చితే ప్లాస్టిక్ కాలిన వాసన ఖాయం. మీటరు దగ్గర్నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేరుగా లాగించి, దానికి వేరే ఎంసీబీ పెట్టించి, ఒక్కో మోటారుకీ ఒక్కో స్విచ్చి ఇవ్వండి. ఒకటి అందుకున్నాక ఇంకోటి వెయ్యండి. మంజూరైన లోడు ఎంతుందో బిల్లు మీద చూసుకోండి. ఫ్యాను రెగ్యులేటరుతో వేగం తగ్గిద్దామనే ఆలోచన మానుకోండి, అది ఇంత కరెంటు మొయ్యలేదు. పెద్ద ట్రయాక్ రెగ్యులేటర్లు వస్తాయి, అవి పనిచేస్తాయి. కానీ స్విచ్చిలతో మోటార్ల సంఖ్య, గేటు వాల్వుతో సన్న సర్దుబాటు ఉంటే రెగ్యులేటరు అవసరమే రాదు.

సాయంత్రం వోల్టేజి పడిపోతే మోటారు వేగం తగ్గుతుంది, వాక్యూమ్ అంతకన్నా ఎక్కువగా తగ్గుతుంది. వేగం పది శాతం తగ్గితే వాక్యూమ్ ఇరవై శాతం దాకా పడుతుంది. రోహిణీ కార్తె ఎండల్లో గాలి పలచబడి ఇంకో ఐదారు శాతం పోతుంది. కొలతకి భయం లేదు, హెడ్డులోనూ ప్లేటులోనూ పారేది ఒకే గాలి కాబట్టి లెక్క చెడదు. 28 నిలబడడానికి మోటారులో మిగులు ఉందా లేదా అన్నదే చూసుకోవాలి. సరిగ్గా కొలతకి కొలతగా కొన్నవాళ్ళు మే నెలలో 26 దగ్గర ఆగిపోయి తిట్టుకుంటారు.

శబ్దం భరించలేం. గ్రైండింగు దగ్గర పెట్టుకునే చెవి మూతలు పెట్టుకోవాల్సిందే. మా పక్కింటి పెద్దమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళకి నా బెంచి బంద్. ఆమెతో బేరానికి తావు లేదు.

ఎక్కడ కొనాలి? నెల్లూరులో కార్ వాష్ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర రెండో రకం దొరుకుతుంది. నేను కొన్నప్పుడు ఒక్కోటి రెండు వేల పైచిలుకు పడింది, నాలుగూ ఒకేసారి తీసుకుంటానంటే కొంచెం దిగారు. చీమకుర్తి గ్రానైటు వైపు వాళ్ళకి ఒంగోలు దగ్గర. పెద్ద క్లీనర్లు రిపేరు చేసేవాళ్ళుంటే అడగండి, మోటారు కొత్తదే తీసుకోండి, విప్పినది వద్దు. చెన్నై మనకు దగ్గరే కాబట్టి కంపెనీ సరుకు కావాలంటే అక్కడ వెతకొచ్చు. ఆన్‌లైన్‌లో అయితే వోల్టేజి చూడండి. అమెరికా కోసం చేసిన 120 వోల్టుల మోటార్లు చవగ్గా కనిపిస్తాయి, మన ప్లగ్గులో పెడితే క్షణాల్లో పొగే.

అంగట్లో కొనేటప్పుడు షాఫ్టుని చేత్తో తిప్పి బేరింగు గరగర విని, ఫ్యాను చక్రం మూతికి రాసుకుంటుందేమో చూసి, అక్కడే ప్లగ్గు పెట్టించండి. బ్రష్షుల దగ్గర చిన్న నీలి మెరుపులుంటే పరవాలేదు. చుట్టూ నిప్పు చక్రంలా తిరిగితే పక్కన పెట్టి ఇంకోటి తీయమనండి. నాకిచ్చిన నాలుగింటిలో ఒకటి అలాగే ఉంది, గొణుక్కుంటూనే మార్చారు. ఇంటికి తెచ్చాక వెంటనే పూర్తి వోల్టేజికి కట్టొద్దు. రెండు మోటార్లని సిరీస్‌లో కలిపితే ఒక్కోదానికి 115 వోల్టులే పడతాయి. అలా ఓ అరగంట తిప్పితే కొత్త బ్రష్షులు కమ్యుటేటరు వంపుకి అరిగి సరిగ్గా కూర్చుంటాయి, తర్వాత వాటి ఆయుష్షు బాగుంటుంది.

మోటార్లతోపాటే ఒక్కోదానికి అదనంగా ఒక జత బ్రష్షులు అడిగి తీసుకోండి. వీటి సైజులు మిక్సీ బ్రష్షులకి కలవవు, ఏడాది తర్వాత అదే అంగడికి పోతే ఆ మోడలే రావడం లేదంటారు. వారంటీ ఎంత అని నేను అడిగితే "నీళ్ళు పోకుంటే ఆరు నెలలు" అన్నారు. బిల్లు మీద రాసివ్వమంటే నవ్వి, ఇంకో జత బ్రష్షులు కవర్లో వేశారు.